బావ కారుకి బావమరిది ఊపిరి

బావ చేతికి ఏ యంత్రం దొరికినా సరే, అందులోంచి ఒక ముక్కయినా తీసెయ్యందే ఆయనకి అన్నం సహించేది కాదు. "దండగ ముక్క!" అనేవాడు, విప్పినదాన్ని అరచేతిలో ఎగరేస్తూ.

గోడ గడియారంలో గంట కొట్టే సుత్తి తీసేశాడు. "టైమెంతో ముల్లు చూపిస్తోందిగా, మళ్లీ అరుపెందుకు?" ఫ్యాను రెగ్యులేటరు పీకేశాడు. "తిరిగితే తిరగాలి, లేకపోతే ఊరుకోవాలి. మధ్యలో ఈ నంగి వేషాలేంటి?" అప్పట్నించీ ఆ ఇంట్లో ఫ్యానేస్తే, పేపరు పక్కింటికెళ్లి చదువుకోవాల్సి వచ్చేది. "నన్నింకా విప్పలేదు, అదే పదివేలు" అనేది ఆయన భార్య, తమ్ముడైన టైపిస్టుతో.

అలాంటి బావ ఒక పాత రోటరీ ఇంజన్ కారు కొన్నాడు. మామూలు ఇంజన్లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి కదా, దీన్లో అవి లేనే లేవు. వాటి బదులు మూడు మూలల ఇనప దిమ్మలు గిర్రున తిరుగుతాయి. "చూశావా, ఎవరో పుణ్యాత్ముడు ముందే సగం తీసేశాడు!" అని బావ మురిసిపోయాడు.

మురిసిపోయి ఊరుకున్నాడా? బానెట్ ఎత్తి, కంపెనీవాళ్లు బిగించిన గాలిపంపు ఊడబెరికాడు. కారు తేలికైంది. కానీ వేగం పెంచబోతే మూలుగుతూ మొరాయించేది. వేగం పెరిగాక ఎక్కువ గాలి పీల్చుకోడానికి ఆ ఇంజన్‌కి రెండు అదనపు ద్వారాలున్నాయి. వాటిని తెరిచేవి యాక్చుయేటర్లు, అంటే గాలి ఊదితే కదిలే చిన్న బుడ్లు. ఆ గాలి ఇచ్చేది ఆ పంపే.

"అయితే అది దండగ ముక్క కాదన్నమాట" అన్నాడు టైపిస్టు.

"ముమ్మాటికీ దండగే. ఊదడానికి మనిషుండగా పంపెందుకు?" అంటూ బావ యాక్చుయేటర్లకి రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొస కిటికీలోంచి లాగి బావమరిది చేతిలో పెట్టాడు.

టైపిస్టు అప్పటికి జబ్బుపడి లేచి ఎన్నాళ్లో కాలేదు. ఊపిరితిత్తులకి నిమ్ము చేరి, ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. మెట్లెక్కితే ఆయాసం. ఆఫీసుకి సెలవు పెట్టి గోడవైపు తిరిగి పడుకునేవాడు. సాయంత్రం కాగానే బావ వచ్చి దుప్పటి లాగేసి, మనిషిని తీసుకెళ్లి కార్లో కుదేసేవాడు.

వంతెన ఎక్కుతుంటే ఇంజన్ గొంతు మారేది. "ఊదరా!" టైపిస్టు బుగ్గలు పొంగించి ఊదేవాడు. ద్వారాలు తెరుచుకుని కారు ఒక్క ఊపున దూకేది. ఊపిరందక గొట్టం వదిలేస్తే మళ్లీ నీరసపడేది. వెనక లారీవాడు హారన్ మోగించేవాడు.

"అప్పుడే అయిపోయిందా? నీకంటే ఆ హారన్‌కే దమ్మెక్కువ!"

"ఓసారి నేను నడుపుతాను, మీరూదండి బావా!"

"కుదరదు. నడిపే మనిషి నోరు ఖాళీగా ఉండాలి. తిట్టాల్సొస్తుంది."

ఒకసారి ట్రాఫిక్ పోలీసు ఆపాడు. "ఆయన నోట్లో ఏంటది? ఎవరాయన?"

"మా బావమరిదండీ. ఇంజన్లో భాగం" అన్నాడు బావ.

మొదట్లో వంతెన కిందే చేతులెత్తేసిన టైపిస్టు, వానలు తగ్గుముఖం పట్టేసరికి సగందాకా వచ్చాడు. చలి మొదలయ్యాక ఒకనాడు పైదాకా ఊదేశాడు. లారీవాడు వెనకబడిపోయాడు. ఇద్దరూ కిటికీల్లోంచి చేతులూపుతూ కేకలేశారు. ఇన్నేళ్లయినా, కొత్త రబ్బరు వాసన ఎక్కడ తగిలినా టైపిస్టుకి ఆ సాయంత్రాలే గుర్తొస్తాయి.

పైదాకా ఊదిన మర్నాడే, బావ స్పేర్ పార్టుల షాపు ముందు కారాపి, స్పార్కు ప్లగ్గులు తెమ్మని పంపితే టైపిస్టు లోపలికెళ్లాడు. షాపాయన ఎగాదిగా చూసి, "ఊదే బావమరిది మీరేనా? ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"కరెంటుతో నడిచే బుల్లి పంపుంది, తగిలిస్తే యాక్చుయేటర్లు వాటంతటవే తెరుచుకుంటాయని మీ బావకి మొదట్లోనే చెప్పాను. వద్దన్నారు. 'డాక్టరు బుడగలూదమంటే నేనేమన్నా పసిపిల్లాణ్ణా అని మావాడు మొండికేశాడు. ముందు వాడి ఊపిరి కుదురుకోనీ' అన్నారు. ఇప్పుడు బాగానే ఉన్నట్టున్నారుగా, ప్యాక్ చెయ్యమంటారా?"

టైపిస్టు బయటికి చూశాడు. బావ బానెట్ కింద తల దూర్చి, ఇంకేం పీకెయ్యొచ్చా అని దీక్షగా వెతుకుతున్నాడు. టైపిస్టుకి నవ్వాగలేదు.

"వద్దులెండి. బావమరిది లేనివాళ్లెవరికైనా అమ్మెయ్యండి."