తూర్పు అంచున రాళ్లు

ఇవాళ మధ్యాహ్నం పెడనలో బస్సు దిగి నడుస్తుంటే, అప్పటిదాకా ముఖం మాడ్చేస్తున్న పడమటి గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపటికి మెడ వెనక చల్లగా తగిలింది, కాస్త ఉప్పు వాసనతో. బందరు వైపు నుంచి సముద్రపు గాలి మళ్లిందన్నమాట. నాంచారమ్మగారు గుర్తొచ్చి రోడ్డు మీదే నవ్వొచ్చింది.

ఆవిడ కలంకారీ అద్దకం షెడ్డు యజమాని. బడి మొహం పెద్దగా చూడలేదు. నేనేమో ఫిజిక్సుతో డిగ్రీ ప్యాసై, ఆ చదువు నెత్తికెక్కి ఉన్న రోజుల్లో ఆవిడ దగ్గర చేరాను. నెల రోజులు పనితనం చూసి ఉంచుకుంటానన్నారు. ఇంట్లో అప్పటికే చదివి ఏం ఒరగబెట్టావని సాధిస్తున్నారు. ఆ పని పోతే నాకు తలెత్తుకునే దారి లేదు.

నెలాఖరున ఆవిడ గుడివాడలో పెళ్లికి వెళ్తూ, నెమళ్ల అచ్చు వేసిన దుప్పట్లు ఆరబెట్టే పని నాకు అప్పగించారు. భోజనాలయ్యాక పరిచాను. పొద్దుటి నుంచీ గాలి పడమరే కదా అని, పడమటి అంచులకే రాళ్లు పెట్టి నీడలో కూర్చున్నాను. తడి ఆరకముందే గాలి మళ్లి తూర్పు నుంచి వీచింది. రాళ్లు లేని అంచులు లేచి మడతపడ్డాయి. తడి రంగు అంటుకుని, ఒక్కో నెమలి పక్కన తలకిందులుగా ఇంకో నల్ల నెమలి పుట్టింది. సాయంత్రం ఆవిడ వచ్చి చూసి లోపలికి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం నన్ను కాలవ గట్టుకు తీసుకెళ్లి, ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి నీళ్లలో పెట్టమన్నారు. నేల చురుక్కుమంది. నీళ్లు చల్లగానే ఉన్నాయి.

“చూశావా అమ్మాయ్, నేల తొందరగా కాగుద్ది. దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తే, ఆ చోటుకి సముద్రం మీంచి చల్లగాలి రావాల్సిందే గదా.”

ఇదే పరీక్షలో బొమ్మతో సహా రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నానని గొణిగాను.

“బొమ్మలో గాలి ఎటు నించి వచ్చిందమ్మా?”

“సముద్రం వైపు నుంచేనండీ.”

“మరి రాళ్లు పడమర పెట్టావేం?”

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఇక పంపించేస్తారనుకుంటుండగా, “ఇవాళా నువ్వే పరుచు. నేను చూడను,” అన్నారు. నిజంగానే వీధరుగు మీద ఇటు వీపు పెట్టి గోంగూర వలుస్తూ కూర్చున్నారు. నేను నాలుగు అంచులకూ రాళ్లు పెట్టి, ఎండలోనే కాపలా నిలబడ్డాను. గాలి మళ్లింది. ఒక్క అంచూ లేవలేదు.

ఇప్పుడు నాకూ ఓ షెడ్డుంది. కొత్తవాళ్లు పరుస్తుంటే నాకు నోరు దురద, చేతులు దురద. అయినా వాళ్ల వైపు వీపు పెట్టి కూర్చుంటాను. అదెంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. ఆవిడ ఉంటే అడిగేదాన్ని, ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూడబోయారో.