నేలమీద పది ఆర్చర్ పుషప్‌లు

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన మరుసటి ఏడాది చలికాలంలో, భిలాయిలో అగ్నిమాపక సిబ్బందిని తయారుచేసే ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో నన్ను తాత్కాలికంగా అసిస్టెంట్ డ్రిల్ ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. అంతకుముందు అక్కడే స్టోర్సులో హోసు పైపులు చూసుకునేదాన్ని. కాలేజీలో కబడ్డీ ఆడానన్న ధైర్యంతో అడిగి తెచ్చుకున్నది ఈ డ్రిల్ పని. ఆ హోదాలో అంతవరకూ ఆడవాళ్లెవరూ లేరు. ఆరు నెలల్లో పరీక్ష నెగ్గితే పోస్టు ఖాయం. లేకపోతే మళ్లీ స్టోర్సే.

ఇన్‌స్ట్రక్టరు తాను చేసి చూపలేనిది ఎవరిచేతా చేయించకూడదని మా నియమం. పరీక్షలో కష్టమైనది ఆర్చర్ పుషప్. చేతులు బాగా ఎడంగా పెట్టి, ఒక మోచేయి మాత్రమే వంచి ఆ పక్కకు ఒరుగుతూ ఛాతీని నేలదాకా దించాలి. రెండో చేయి విల్లు పట్టినవాడి చేయిలా నిటారుగా చాచి ఉండాలి. ఒక్కో వైపు ఐదు. వెన్ను మీద పొడవాటి కర్ర ఉంచుతారు. అది తలకూ, వీపుకూ, తుంటికీ ఆని ఉండాలి. జారితే ఆ పుషప్ లెక్కలోకి రాదు.

మొదటి వారంలోనే నలభైమంది ట్రైనీల ముందు చేయబోయి మూడోదానికి బోర్లా పడ్డాను. నోట్లోకి మట్టి పోయింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో ఒకతను జాలిగా, "రహనే దో దీదీ", ఇక వద్దులే అక్కా, అన్నాడు. నవ్వి ఉంటే అంత బాధపడేదాన్ని కాదు.

మా సీనియర్ ఇన్‌స్ట్రక్టరు సింహాచలం గారిది విజయనగరం వైపు. ఆయన ఓదార్చలేదు. మర్నాడు ఉదయం మళ్లీ చేయించి, పక్కన గొంతుక్కూర్చుని చూశారు.

"నువ్వు పడిపోడం భుజాల్లో బలం సాలక కాదు ఎస్తేరమ్మా. దిగినప్పుడల్లా నడుం మెలిపడిపోతంది. ముందది బిగించడం నేర్సుకో."

నెలరోజులు అసలు పుషప్పే చేయనివ్వలేదు. మోచేతుల మీద ఆనుకుని కదలకుండా ఉండటమే పని. తర్వాత డ్రిల్ షెడ్డు పిట్టగోడ మీద చేతులుంచి ఆర్చర్ చేయించారు, ఆపైన బెంచీ మీద, చివరికి రెండు ఇటుకల మీద. ఎత్తు తగ్గేకొద్దీ చేతుల మీద బరువు పెరుగుతుంది. మా ఇల్లున్న క్యాంప్ 2 పేట నుంచి సైకిలు మీద రోజూ డ్యూటీకి గంట ముందే వచ్చేదాన్ని. ఐదో నెలలో ఇటుకలు తీసేశారు.

పరీక్షనాడు కేంద్రం ముఖ్యాధికారి స్వయంగా కర్ర పట్టుకుని వచ్చారు. ట్రైనీలు చుట్టూ కూర్చున్నారు. ఆరు సాఫీగా అయ్యాయి. ఏడోదానికి కర్ర జారింది. దాన్ని లెక్కలోంచి కొట్టేస్తున్నానని, కావాలంటే లేచి రేపు మొదటినుంచి చేయవచ్చని ఆయన హిందీలో చెప్పారు. ఇప్పుడు లేస్తే రేపు ఈపాటి కూడా చేయలేనని తెలుసు.

"డండా రఖియే సార్. చార్ బాకీ హై," అన్నాను తలెత్తకుండానే, కర్ర పెట్టండి, ఇంకా నాలుగున్నాయని.

కర్ర మళ్లీ వెన్నుమీదికి వచ్చింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదోది ఎడమవైపు. దిగాక పైకి రాలేక అక్కడే ఆగాను. పొట్ట బిగించి, ఊపిరి వదులుతూ నేలను తోశాను. మోచేయి నిటారయింది. కర్ర కదల్లేదు.

ట్రైనీలందరూ లేచి చప్పట్లు కొట్టారు. డ్రిల్ మైదానంలో అది క్రమశిక్షణకు విరుద్ధం. ఆ రోజు ఎవరూ ఆపలేదు. సింహాచలం గారు రిజిస్టరు చాపి, రేపట్నించి రెండో స్క్వాడు నాదేనన్నారు. నవ్వు ఆపుకోలేక, మట్టి చేతులతోనే సంతకం చేశాను.

పదవీ విరమణ వరకూ ఎందరికో ఈ వ్యాయామం నేర్పాను. ఎవరైనా పడిపోతే, బలం లేదని రాసేముందు పక్కన కూర్చుని ఎక్కడ పట్టు తప్పుతోందో చూసేదాన్ని. దాదాపు ప్రతిసారీ లోపం వాళ్లు అనుకున్న చోట ఉండేది కాదు.