ట్వాంటేకి లాంచీ లేదన్నాను

మొన్న మా కూలీల బసలో ఒకతను, "ఆ ముసిలోడా? ఎవులికీ సెప్పకుండా పని ఎగ్గొట్టి షికారెల్లి సచ్చినోడు కదేటి" అన్నాడు. అతను ఆ మనిషిని చూసి ఎరగడు. ఇన్నేళ్ళుగా రంగూన్ రేవులో తిరుగుతున్న ఆ మాటను పుట్టించినవాణ్ణి నేను. అది అబద్ధం.

పంతొమ్మిది వందల ఇరవైలలో ఆయనా నేనూ బియ్యం బస్తాలు ఎత్తే జత. చెరో కొస పట్టుకుని మోసేవాళ్ళ వీపుల మీదికి ఎత్తడం మా పని. జతలో ఒకడు రాకపోతే రెండోవాణ్ణి కూడా మేస్త్రీ పక్కన నిలబెట్టేవాడు. అందుకని ఒకడు పని మానాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. వరసకు ఏమీ కాకపోయినా ఆయన్ను మావా అని పిలిచేవాణ్ణి.

రంగూన్‌కు నది అవతల ఉన్న ట్వాంటే ఊరి కాలువను వెడల్పు చేసినప్పుడు ఆయనా ఆయన తమ్ముడూ అక్కడ మట్టి తవ్వారు. తమ్ముడు కలరాతో పోతే ఆ గట్టులోనే పూడ్చేశారు. ఆ ఏడు పెద్దల అమావాస్యకు అక్కడికి వెళ్ళి, తమ్ముడి పేర నువ్వులూ నీళ్ళూ వదలాలని ఆయన కోరిక. పొద్దున లాంచీలో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆయనకు నెల ముందునుంచీ అదే ధ్యాస. నువ్వులు కొని గుడ్డలో కట్టుకున్నాడు. నేను చద్దన్నంలోకి ఎండుచేప కాల్చుకుందామంటే, ఆ రోజు నీసు కూడదని కసిరాడు.

"ఏటి మావా, ట్వాంటే పాతకాలపు ఊరంటావు. గుడీ కుండలూ తప్ప సూడ్డానికి ఏటుందక్కడ?" అన్నాను.

"ఆ కుండలు నీ బుర్రకంటే గట్టివిరా అల్లుడా. ఒకటి కొనిపెడతాను, మార్చుకుందువుగాని."

వస్తానని మాటిచ్చాను. లాంచీ వేళలు కనుక్కోవడానికి జెట్టీకి వెళ్ళాను కూడా. అమావాస్యనాడు లాంచీ ఉంది. తిరిగి వస్తుంటే మేస్త్రీ ఎదురయ్యాడు. తాను దేశం వెళ్ళిపోతున్నాననీ, ఓడలకు బియ్యం ఎక్కించే ఈ రోజుల్లో ఒక్క నాగా లేకుండా పనిచేసినవాడికే ముఠా అప్పజెబుతాననీ చెప్పాడు.

బసకు వచ్చి, "కాలవలో మట్టి తీస్తన్నారంట మావా. ఈ నెలంతా లాంచీ నేదు" అన్నాను.

ఆయన నన్ను నమ్మాడు. "అయితే నడిసే ఎల్తాను. ఏరవతల దలా దాకా సంపాను పడవ, ఆపైన కాళ్ళు. నువ్వు రాకపోయినా పరవానేదు, మేస్త్రీకి మాత్తరం ఓ మాట సెప్పు" అన్నాడు.

"ఈ వానల్లోనా? ఎల్లు, ఎల్లు. కప్పలు తోడొస్తాయి" అని నవ్వాను. వెళ్ళడనుకున్నాను.

అమావాస్య పొద్దున ఆయన చాప ఖాళీగా ఉంది. రేవులో మేస్త్రీ అడిగితే, "నాకేటీ సెప్పనేదు" అన్నాను. మేస్త్రీ ఆయన్ను ముఠాలోంచి తీసేసి, నన్ను మరొకడితో జతకట్టాడు. నాకు నాగా పడలేదు.

మూడోనాడు ఆయన తిరిగొచ్చాడు. పాదాలు నాని చీలిపోయి ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. పని పోయిందని ఎవరో చెబితే పట్టించుకోలేదు. నన్ను దగ్గరికి పిలిచాడు.

"లాంచీ తిరుగుతోందిరా అల్లుడా. గట్టుమీద నడుస్తుంటే నా పక్కనుంచే ఎల్లింది. కేకేసినాను, ఆపనేదు."

నేను ఆయన పాదాలకు గుడ్డ చుట్టసాగాను.

"నీకెవుడో తప్పు సెప్పినాడు. ఆడి మాట ఇంకెప్పుడూ నమ్మకు."

"నమ్మను మావా."

"తమ్ముడిది ఏ సోటో తెలీనేదు. గట్టంతా ఒకేలాగుంది. నువ్వులు కొంచెం కొంచెం అన్నిసోట్లా వదిలినాను."

ఆ జ్వరంతో ఆరు రోజులు బతికాడు. నేను ఆరు రోజులూ పనికి వెళ్ళాను. ఏడాది తిరక్కుండా ముఠా నా చేతికొచ్చింది. ఆ ఆరు రోజులూ సాయంత్రం నేను వచ్చి పక్కన కూర్చోగానే ఆయన అడిగేవాడు: "కొత్తోడు సరిగ్గా ఎత్తుతున్నాడేటి? కొస ముందే వదిలేస్తాడేమో, నీ నడుం జాగర్త."

బాగానే ఎత్తుతున్నాడని చెప్పేవాణ్ణి. నిజం చెప్పడానికి నాకు ఆరు సాయంత్రాలు దొరికాయి. ఒక్కనాడూ చెప్పలేదు.