తాళాలక్క చెరిపిన గొంతులు

ఆఫీసులో ఆమెను అందరూ తాళాలక్క అనేవారు. నడుముకు తాళాల గుత్తేమీ ఉండేది కాదు. చిన్నాచితకా సంస్థల ఫైళ్ళను ఇంటర్నెట్‌లో అద్దె సర్వర్ల మీద భద్రపరిచే కంపెనీ అది. మెట్ల పక్కన ఒక గది, గోడకు ఎప్పుడూ గరగరలాడే ఏసీ. ఏ ఖాతాదారు సరుకు ఏ సర్వర్‌లో ఉందో, దాన్ని తెరిచే రహస్య సంకేతం ఏమిటో రాసిన కాన్ఫిగరేషన్ ఫైళ్ళన్నీ ఆమె కంప్యూటర్‌లోనే ఉండేవి. ఒక్కో ఖాతాదారుకు ఒక్కో ఫైలు. మౌస్ ముట్టుకోకుండా, నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేసి పని కానిచ్చేది. "అక్క రాకపోతే మన కొంపకి తాళం పడ్డట్టే" అని యజమాని మెచ్చుకునేవాడు, ఆమె సెలవు అడిగిన రోజు తప్ప.

ఆ ఆదేశాలు తీసుకునే ప్రోగ్రాముకు ఒక గుణం ఉంది. ఎవరి ఫైలు వాడాలో చెబితే అదే వాడుతుంది. చెప్పకపోతే, తను మొదట వెతికే హోమ్ ఫోల్డర్‌లో ఏది ఉంటే దాన్ని నోరెత్తకుండా తీసుకుంటుంది. ప్రతిసారీ పేరు చెప్పడమే పద్ధతని ఆమెకు తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకు నేర్పింది కూడా ఆమే. కానీ రోజంతా ఆ పొడుగాటి పేర్లు కొట్టికొట్టి మణికట్టు లాగేసేది. అందుకని, ఏ పూట ఎవరి పని ఉంటే వాళ్ళ ఫైలును హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని పొట్టి ఆదేశాలతో గడిపేసేది. పైగా, గుర్తుంటుందని, సర్వర్లలో ఖాతాదారుల ఫైళ్ళు దాచే నిల్వలన్నిటికీ ‘పాతవి’ అని ఒకే పేరు పెట్టింది. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు. కాకపోబట్టే అది అలవాటైపోయింది.

ఆ ఖాతాదారుల్లో ఒక గొంతు ఆసుపత్రి ఉంది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేయవలసిన రోగులను, అక్కడ మాట నేర్పే ఆవిడ ముందే కూర్చోబెట్టి వాళ్ళ గొంతు రికార్డు చేసేది. ఆవిడను అందరూ టీచరమ్మ అనేవారు. పిల్లల్ని పేరుపెట్టి పిలవడం, ఒక జోలపాట, పెళ్ళాన్ని విసుక్కోవడం, ఏదైనా సరే. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో లింకు నొక్కి వినేవారు. ఆసుపత్రి కంప్యూటర్‌లో చోటు చాలదు కనుక, తాళాలక్క చూసే నిల్వకు చేరగానే అక్కడి కాపీ చెరిగిపోయేది.

ఆ ఉదయం తాళాలక్క కొత్త రికార్డింగులు సరిగ్గా చేరాయో లేదో చూడటానికి ఆసుపత్రి ఫైలును హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుంది. చూడటం అయిపోయింది. ఇంతలో యజమాని తల లోపలికి పెట్టి, "ఆ ఫర్నిచర్ షాపు మూసేశారంట. వాళ్ళవన్నీ ఖాళీ చేసెయ్యి అక్కా" అన్నాడు. అప్పుడే భర్త ఫోన్ చేశాడు. బాత్రూమ్‌లో అత్తగారు జారిపడ్డారట.

"ఎముకకేం కాలేదులే. నువ్వు కంగారుపడకు."

కంగారుపడకుండా ఎలా ఉంటుంది? ఈ ఒక్క పనీ ముగించి బయల్దేరదామనుకుంది. హోమ్ ఫోల్డర్‌లో ఆసుపత్రి ఫైలు తీసి షాపు ఫైలు పెట్టేశాననే అనుకుంది. ‘పాతవి’లో ఉన్నవన్నీ చెరిపెయ్యమని టైపు చేసింది.

చెరిగిపోతున్న ఫైళ్ళ పేర్లు తెర మీద జరజరా పైకి పాకాయి. సోఫాల ఫొటోలు కావు. ‘అమ్మమ్మ జోల’, ‘కండక్టర్ కేకలు’, ‘నాన్న, చిన్నదానికి’. ఆమె ఆపేలోగా సగానికి పైగా పోయాయి.

చెరిపినదాన్ని కొన్నాళ్ళు దాచే ఏర్పాటు ఆ నిల్వకు పెట్టలేదు. సర్వర్లు అద్దెకిచ్చిన కంపెనీకి రాస్తే, తిరిగి రావని మర్యాదగా జవాబిచ్చారు.

యజమాని తలుపు దగ్గరగా వేశాడు. "సర్వర్ పాడైందని చెబుదాం. వాళ్ళకేం తెలుస్తుంది?"

"బాగయిందా అని రేపు అడుగుతారు. ఎల్లుండీ అడుగుతారు. ఎదురుచూస్తూ కూర్చుంటారండీ."

ఆమే ఆసుపత్రికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. టీచరమ్మ అరవలేదు. "ఏవేవి మిగిలాయి?" అని మాత్రం అడిగింది. తర్వాత ఇంటింటికీ ఫోన్ చేసింది. కొందరు ముందే ఫోన్‌లో దాచుకున్నారు, వాళ్ళవి దక్కాయి. ‘కండక్టర్ కేకలు’ రికార్డు చేసిన ఆయన ఇంట్లో మాత్రం దాచుకోలేదు. "ఆ ఇంటికి ఫోన్‌లో చెప్పలేను. మీరూ రండి" అంది టీచరమ్మ.

రిటైరైన బస్సు కండక్టరు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు, మెడకు పలచటి గుడ్డ కట్టుకుని. తాళాలక్క నిలబడే చెప్పింది. ఆయన ఫోన్‌లో ఏదో టైపు చేసి భార్యకు చూపించాడు.

"కూర్చోమంటున్నారు," అందావిడ. తను మాత్రం కుర్చీ చూపించలేదు. "రోజూ మధ్యాహ్నం పెట్టుకుని వినేదాన్ని. స్టాపుల పేర్లన్నీ అరిచి, చివర్లో ‘ఒసే, టీ ఏదే?’ అంటారు. బతికున్నన్నాళ్ళూ ఆ కేకకి ఒళ్ళు మండేది నాకు." తన నోట వచ్చిన మాటకు తనే ఉలిక్కిపడి భర్త వైపు చూసింది. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని కాసేపటికిగాని తెలియలేదు.

"మీ ఆయన మాట్లాడతాడా?" అని అడిగింది ఆవిడ.

"మాట్లాడతారండీ."

"ఊఁ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే తాళాలక్క హోమ్ ఫోల్డర్‌లోని ఫైలు తీసిపారేసింది. పేరు చెప్పకపోతే ఇప్పుడు ఏ ఆదేశమూ కదలదు. నిల్వలన్నిటికీ ఖాతాదారు పేరు కలిపింది. చెరిపే ముందు ఆ పేరు మళ్ళీ పూర్తిగా టైపు చేయాలి. "చేతులు కాలాక ఆకులు" అని ఎవరో గొణిగారు. "అవును. మీవి కాలకముందే పట్టుకోండి" అంది, తల తిప్పకుండా. ఆసుపత్రి వాళ్ళు వేరే కంపెనీకి వెళ్ళిపోయారు. యజమాని ఆమెను తీసెయ్యలేదు; ఆ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. మణికట్టు నొప్పి ఎక్కువైంది. ఎవరికీ చెప్పలేదు.

వానాకాలంలో కండక్టరు పోయాడు. టీచరమ్మ కబురు చెబితే తాళాలక్క వెళ్ళింది. జనం పలచబడ్డాక భార్య ఆమెను గుర్తుపట్టింది.

"ఏం మాట్లాడేవారో అంతా గుర్తుంది," అంది మెల్లగా. "ఎలా వినబడేదో మాత్రం జారిపోతోందమ్మా. నిన్న రాత్రి నుంచీ తలచుకుంటున్నా. రావట్లేదు."

ఆవిడ పొమ్మనలేదు, ఉండమనలేదు. వాన తగ్గేదాకా గోడవారన అలాగే నిలబడి, తాళాలక్క ఇంటికి బయల్దేరింది.