బంద్ చేసినా చావని బోర్డు

నాకు కోపమొస్తే ఒళ్లు తెలియదు. ఇప్పుడు వయసు మీదపడి కాస్త తగ్గింది గానీ, తొంభైల చివర్లో నల్గొండలో డీటీపీ పని చేసే రోజుల్లో చేతికి ఏది దొరికితే అది విసిరేవాణ్ణి. ప్రింటింగ్ ప్రెస్సు ఒక ముస్లిం పెద్దాయనది. నేను భాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన ప్రెస్సు ముందు గదిలో నా కంప్యూటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు నేను కంపోజ్ చేస్తే ఆయన అచ్చేసేవాడు.

పాత మిషన్ బాగానే నడుస్తోంది. అయినా కొత్త రకం మదర్‌బోర్డు వచ్చిందని విని ఆగలేకపోయాను. హైదరాబాదులో అమ్మినవాడు "మీ జిల్లాల మీరే ఫస్టు సార్" అన్నాడు. ఆ ఒక్క మాటకు కళ్లు నెత్తికెక్కాయి. దుకాణంలో అందరితో మీసం మెలేస్తూ చెప్పుకున్నాను. పాత బోర్డు విప్పేసి పని ఆపేసరికి భాయ్ మాత్రం, "దసరా దాక జూస్త. గప్పటికీ పని షురూ గాకపోతే జాగా ఇంకొకనికిస్త, జర యాదుంచుకో" అన్నాడు. జాగా పోతే నేను పోయేది ఎక్కడికో నాకు తెలుసు. మోత్కూర్ దగ్గర మా ఊళ్లో మా నాయన మగ్గం గుంటలోకి. నేను బాపు అని పిలిచే ఆ మనిషి అందులో కాళ్లు పెట్టుకునే ముసలివాడయ్యాడు. ఆ గుంటంటే నాకు చచ్చేంత భయం.

ఆ కొత్త బోర్డు నాకు చుక్కలు చూపించింది. పాత డబ్బాలో పట్టలేదు, స్క్రూల రంధ్రాలు కలవలేదు. కొత్త డబ్బా తెస్తే దాని రేకు అంచు బ్లేడులా అరచేతిని కోసింది. నెత్తురు కారుతున్న చేత్తోనే డబ్బాను గోడకేసి కొట్టాను. పాత కీబోర్డు లావుపాటి పిన్ను కొత్త బోర్డు సన్నటి కంతలో దూరలేదు. దూరదని తెలిసీ నొక్కి నొక్కి వంచేశాను. అన్నిటికంటే తెలుగు లాకు చంపింది. అది ప్రింటరు తగిలించే చోట పెట్టే చిన్న బిళ్ల, అది లేకుంటే తెలుగు అక్షరాలు రావు. కొత్త బోర్డు దాన్ని గుర్తుపట్టనే లేదు. పెళ్లికూతురు పేరు కొడితే తెర మీద డబ్బాలు డబ్బాలుగా వచ్చింది. బల్ల మీద గుద్దితే దాని మీద పరిచిన అద్దం పగిలింది. హైదరాబాదుకు ఫోన్ చేస్తే, "కొత్త మాలు సార్, మాకు గూడ తెల్వదు" అన్నాడు. తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి ఫోను విసిరికొట్టాను.

దసరా ముందురోజు సాయంత్రం, బోర్డు సెట్టింగుల్లో ఏదో మారిస్తే తెలుగు వచ్చింది. ఎండకు వేడెక్కుతుందని డబ్బా పక్క రేకు తీసే ఉంచాను.

పండుగ పొద్దున బాపు కొబ్బరికాయ, పసుపు కుంకుమ పట్టుకుని ఊరి నుంచి వచ్చాడు. దసరాకు మగ్గానికి పూజ చేసినట్టే నా మిషన్‌కూ చేసేవాడు. అంతకు ముందు రెండు దసరాలకు పాతదానికి చేశాడు, ఏమీ కాలేదు.

"బిడ్డా, కరెంటు బంద్ జేసినవా?" అని అడిగాడు.

ముందున్న బటన్ నొక్కాను. తెర నల్లబడింది, ఫ్యాను ఆగింది.

"చేసిన బాపు."

"మల్లొక్కసారి జూడు."

"బంద్ జేసిన అంటున్న గదా. నువ్వు కానీయ్."

బాపు డబ్బాకు బొట్లు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టి, మగ్గం మీద చల్లినట్టే వేళ్లతో నీళ్లు మూడుసార్లు చల్లాడు. చుక్కలు తెరిచి ఉన్న పక్కలోంచి లోపల పడ్డాయి. చిట్‌మని నీలంగా మెరిసింది. కాలిన వాసన గదంతా నిండింది.

నేను బాపును కొట్టాను. మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోది మెడ మీద. "నీ మగ్గమనుకున్నవా ముసలోడా!" అని అరుస్తూ కీబోర్డు లాగి గోడకేసి కొడితే మీటలు గదంతా చెల్లాచెదురయ్యాయి. మూడోసారి చేయి లేపేసరికి భాయ్ వెనక నుంచి పట్టుకున్నాడు. మోచేత్తో పొడిస్తే ఆయన పెదవి చిట్లింది. అయినా వదల్లేదు. నన్ను నేల మీద పడేసి, ఛాతీ మీద మోకాలు పెట్టి, చెంపలు వాచేలా కొట్టాడు.

"బాప్‌ను కొడ్తవా? చేతులు ఇరగ్గొడ్త!"

బాపు చెవి మూసుకుని గోడ పక్కన కూలబడి ఉన్నాడు. నా వైపు చూడకుండా భాయ్‌తో అన్నాడు: "బంద్ జేసిన అన్నడు గదా..."

మూడోరోజు హైదరాబాదు నుంచి మెకానిక్ వచ్చి, గోడకున్న ప్లగ్గు చూపించి నవ్వాడు. పాత మిషన్లలో ముందు బటన్ నొక్కితే కరెంటు పూర్తిగా తెగిపోయేదట. ఈ కొత్తవాటిలో అది పడుకోబెట్టడమేనట. గోడ దగ్గర స్విచ్ తీసేదాకా బోర్డులో కరెంటు పారుతూనే ఉంటుందట. ఆ సంగతి బోర్డుతో వచ్చిన పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. ఆ పుస్తకాన్ని నేను అట్టపెట్టెలోంచి తీయనే లేదు. బాపు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ తప్పు చెప్పింది నేను.

భాయ్ జాగా తీసుకోలేదు. "మీ నాయన మొకం జూసి" అన్నాడు. పాత బోర్డు మళ్లీ బిగించి పనిలో పడ్డాను. ఊరికి వెళ్లి బాపు కాళ్లు పట్టుకున్నాను. "కొత్తది గద బిడ్డా, ఎవ్వనికి ఎర్క" అన్నాడు. ఆ చెవి మాత్రం ఆయనకు మళ్లీ సరిగా వినపడలేదు.

చలికాలంలో ఒకరోజు దుకాణానికి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఏదో కబుర్లు చెబుతున్నాడు. పై అరలోని కాగితాల కట్ట కోసం నేను చేయెత్తాను. బాపు రెండు చేతులూ తల మీదికి వెళ్లిపోయాయి. మరుక్షణం తువ్వాల సర్దుకుంటున్నట్టు చేశాడు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

అప్పటి నుంచి ఆయన పక్కన ఉంటే, ఏది అందుకోవాలన్నా ముందు చెప్పేవాణ్ణి. బాగా వినపడే చెవి వైపుకు వంగి, "బాపు, కాగితం తీస్తున్న" అనేవాణ్ణి. ఆయన "తీయి బిడ్డా" అన్నాకే చేయెత్తేవాణ్ణి.