కంకర బ్యాండ్ మొదటి కచేరీకి మైకు పెట్టిన రోజు

కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం ఎల్లారెడ్డిలోని ఒక కమ్యూనిటీ హాల్‌లో మైకు సెట్ పెట్టమని మాకు పిలుపు వచ్చింది. అప్పటికే మా ఆయనకు చెవులు మందగించాయి. తీగలు గుంజడం, బాక్సులు నిలబెట్టడం ఆయన వంతు, మిక్సర్ ముందు కూర్చోవడం నా వంతు. నేను చదివింది మూడో తరగతే. అయినా పెళ్ళిళ్ళలో, ప్రార్థన కూటాల్లో, మహిళా సంఘాల సభల్లో ఎవరి గొంతుకు ఏ మీట ఎంత జరపాలో ఇప్పుడడిగినా చెబుతాను.

పిలిచింది కంకర అనే బ్యాండ్. ముగ్గురు పిల్లలు. పాడే ప్రవీణ్, గిటార్ వాయించే నవీన్ కామారెడ్డి వాళ్ళు. ప్రవీణ్‌కు కంకర మిషన్ దగ్గర పని, బ్యాండ్‌కు ఆ పేరు అందుకే. డ్రమ్ములు కొట్టే డేవిడ్‌ది లింగంపేట. డ్రమ్ములు మాత్రం వాళ్ళ చర్చివి. చిక్కంతా అక్కడే ఉంది. దేవుని డ్రమ్ములతో ఏవో తిట్ల పాటలు పాడుతున్నారని సంఘంలో మాట లేచింది. సంఘపెద్ద ఏసురత్నం తానే వచ్చి వింటానన్నాడు, పాటల్లో తిట్లు ఉంటే డ్రమ్ములు అట్నుంచి అటే ఆటోలో వేసుకుపోతానన్నాడు. పిల్లలకు వేరే డ్రమ్ములు లేవు. అంటే ఆ రోజుతోనే బ్యాండ్ ముగిసిపోవచ్చు.

తీగలు కలుపుతూ, ఇవేం పాటలని ప్రవీణ్‌ను అడిగాను.

"అమెరికాల పుట్టినయి అవ్వా. ఒర్రి పాడుడే, ఒక్కో పాట నిమిషమే. మొదట్ల అవి పాడేటోళ్ళకు స్టేజీ ఎవ్వలియ్యలే. ఇండ్ల కింది అర్రలల్ల, చర్చి హాళ్ళల్ల వాయించిండ్రంట. కేసెట్లు ఆళ్ళే చేసుకొని ఆళ్ళే పంచిండ్రంట."

"అమెరికాల గూడ డ్రమ్ములు అడుక్కొచ్చుకుంటరారా?"

"అడుక్కుంటరే! నువ్వేమనుకున్నవ్, అందరు కార్లల్లనే తిరుగుతరనా?"

వాళ్ళకు సొంత బాక్సు లేదు కాబట్టి గిటార్ తీగ నా మిక్సర్‌లోనే గుచ్చారు. వచ్చిన వాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు, ఏసురత్నం అందరికంటే ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. డేవిడ్ పుల్లలు కొట్టి లెక్క ఇచ్చాడు. నవీన్ గిటార్ పట్టుకుని నేరుగా నా బాక్సుకు ఎదురుగా పోయి నిలబడ్డాడు.

బాక్సులోంచి వచ్చిన చప్పుడు తిరిగి మైకులోకో గిటార్‌లోకో దూరితే చెవులు కోసే శబ్దం పుడుతుంది. మేం దాన్ని కూత అంటాం. సభలో కూత వచ్చిందంటే మాట్లాడే మనిషి ఆగిపోతాడు, జనమంతా తిరిగి మిక్సర్ వైపు చూస్తారు. కూత పుట్టకముందే పట్టుకోవడమే మా పనిలో మొదటి పాఠం. అందుకే గిటార్ కూయగానే నా చెయ్యి దానంతట అదే మీటను కిందికి లాగేసింది. లాగి, తీగ చెడిందేమోనని మార్చాను. తల ఎత్తేసరికి పాట అయిపోయింది. రెండో పాటకూ అంతే. గిటార్ లేకుండా వట్టి అరుపు, వట్టి డ్రమ్ములు మిగిలాయి. వెనక ఎవరో, "ఏందిరా, తేలు కుట్టినట్టు ఒర్రుతున్నవ్!" అన్నారు. హాలంతా నవ్వింది. ఏసురత్నం మాత్రం నవ్వలేదు, ఆ అరుపులు తిట్లే అనుకున్నాడేమో, ఫోన్ తీసి ఆటో అతన్ని రమ్మన్నాడు.

ప్రవీణ్ నా దగ్గరికి ఉరికొచ్చాడు.

"అవ్వా, ఆ కూత మేమే తెప్పిస్తున్నం. ఆపకు."

"కావాల్నని ఎవ్వడన్న కూయిస్తడారా?"

"మేం కూయిస్తం. పాట అండ్లనే ఉన్నది."

మా ఆయన వైపు చూశాను. ఆయనకు ఏదీ వినబడలేదు, చెయ్యి ఊపి కానియ్యమన్నాడు.

మూడో పాటకు మీట కిందికి లాగలేదు. కూతను ఉండనిచ్చి, అందులోంచి చెవిని పొడిచే సన్నని మొన మాత్రం తగ్గించి, ప్రవీణ్ గొంతును దాని మీదికి తెచ్చి నిలబెట్టాను. అప్పుడు మాటలు తెలిశాయి. కంకర దుమ్ము, బీడీలు చుట్టే తల్లి దగ్గు, రాత్రంతా ఆ దగ్గు వింటూ పడుకున్న కొడుకు. మొదట లేచింది కుర్చీల్లోని ఆడవాళ్ళే, వాళ్ళలో సగం మంది బీడీలు చుట్టేవాళ్ళు. మగపిల్లలు కుర్చీలు గోడకు నెట్టి, బరాత్‌లో లాగా తీన్మార్ ఎగరడం మొదలుపెట్టారు.

ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఏసురత్నం బయటికి పోయి దాన్ని పంపించి వచ్చాడు. డేవిడ్‌తో, "తిట్లు లేవు. చప్పుడైతే నాకు నచ్చలే, అది నా బాధ. ఆదివారం పొద్దుగాల ఆరాధనకు డ్రమ్ములు చర్చిల ఉండాలె," అన్నాడు. నా వైపు తిరిగి, "అక్కా, ముందే గిట్ల పెడితే ఏమాయె?" అన్నాడు.

ఆ తర్వాత నేను పని మానుకునే దాకా కంకర ఎక్కడ వాయించినా మైకు మాదే. ఆ పిల్లలు నాకు అన్నం పెట్టారు, పనీ నేర్పారు. వాళ్ళ మేలు మరిచిపోలేదు.

ఆ మొదటి కచేరీ అయిన కొద్ది రోజులకే నస్రుల్లాబాద్‌లో ఒక పెళ్ళిలో, డప్పు ఆయనకు మైకు పెడుతూ ఏ చప్పుడు వినబడాలని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, డప్పు కొట్టే కుడిచేతి పుల్ల ఎత్తి చూపాడు. "సిర్ర దెబ్బ విననియ్యక్కా. మైకోళ్ళంత అదే తగ్గిస్తరు. ఇప్పటిదాంక ఎవ్వలడగలే," అన్నాడు.

అంతకుముందు ఎన్నో పెళ్ళిళ్ళలో నేనూ ఆ దెబ్బే తగ్గించాను. ఆపరేటర్‌కు చెవి మంచిదైతే చాలదు. మీట మీద చెయ్యి వేసేముందు, చప్పుడు చేసే మనిషిని ఒక మాట అడగాలి.