నాయనమ్మ అంటించిన రాక్షసి బొగ్గు

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు నడుస్తుంటే, ఓ పాత హోటల్ వెనుక నుంచి రాక్షసి బొగ్గు రాజుకుంటున్న ఘాటు వాసన వచ్చింది. మెట్రో కింద అంత రద్దీలోనూ నా కాళ్లు ఆగిపోయాయి.

మా చిన్నప్పుడు మేమున్నది అక్కడే. పొద్దస్తమానం ఆ వాసనే: స్టేషన్లో ఇంజన్ల పొగ, గల్లీలో గుమ్మం గుమ్మానికీ విసనకర్రతో విసురుతున్న సిగిడీలనే బొగ్గుల కుంపట్లు, నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజుల్లో వాటి మీద వేగే మిర్చీలు, వానాకాలంలో కాలే మక్కకంకులు. మా వాకిట్లో మాత్రం కట్టెల పొయ్యే. పొగకు అమ్మ కళ్లు ఎంత మండినా సరే, నాయనమ్మ రాక్షసి బొగ్గును గడప దాటనిచ్చేది కాదు.

కారణం మా అందరికీ తెలుసు. ఇల్లందు దిక్కున గనులు ఒక్కొక్కటిగా తెరుస్తున్న రోజుల్లో, ఊళ్లో బతుకు సాగక అక్కడికి వెళ్లినవాళ్లలో మా తాత, నాయనమ్మ ఉన్నారు. అప్పట్లో ఆడవాళ్లూ లోపలికి దిగేవారు. నూనె దీపం వెలుగులో తాత పలుగుతో పొడిస్తే, ఆమె తట్టకెత్తి మోసేది. చంటివాడైన మా నాన్నకు పాలివ్వడానికి ఆమె పైకొచ్చిన పూట గని కప్పు కూలింది. తాతను బయటికి తీయలేకపోయారు. బిడ్డను చంకనేసుకుని పట్నం వచ్చేశాక కూడా, బొగ్గు ఎక్కడ కనిపించినా అందులో ఆయనున్నాడనే ఆమె నమ్మకం.

"మనిషిని కాలవెట్టి బువ్వ వండుకుంటమా?" అనేది.

చెల్లెలు పుట్టిన రోజు ఒకటే ముసురు. మంత్రసాని చేతిలో బిడ్డ ఒళ్లు మంచుముద్దలా ఉంది, ఏడుపు సన్నగిల్లుతోంది. నీళ్లు కాచుదామంటే కట్టెలు తడిసి పొగే తప్ప మంట లేదు. పక్కింటామె తన సిగిడీ, గంపలో బొగ్గూ తెచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక గడప బయటే నిలబడింది.

నాయనమ్మ వెళ్లి గంప అందుకుంది. ఒక పెళ్ల తీసి కళ్లకద్దుకుని, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టే అంది:

"నీ మన్మరాలు సల్లవడ్డది. జర వెచ్చగ చెయ్యి. కోపం జెయ్యకు."

కాసేపటికి చెల్లెలు గుక్కపెట్టి ఏడ్చింది. ఆ పక్కనే కూర్చుని నాయనమ్మా ఏడ్చింది. మాకు ఆమె ఏడవగలదని కూడా తెలియదు.

అప్పటి నుంచి మా ఇంటికీ సిగిడీ వచ్చింది. దాన్ని అంటించడం నాయనమ్మ వంతే, ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. రోజూ పొద్దున్నే విసురుతూ ఇంటి సంగతులన్నీ తాతకు చెప్పేది, పప్పు మాడితే ఆయన్నే తిట్టేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఇప్పుడు ఆ గల్లీలో సిగిడీలు లేవు, మేమున్న ఇల్లు లేదు, నాయనమ్మా లేదు. గ్యాస్ పొయ్యి వచ్చిన రోజు అమ్మ కళ్లు తెరిపిన పడ్డాయని మేమంతా సంబరపడ్డాం. నాయనమ్మ ఒక్కతే దాన్ని చూస్తూ నిలబడి అడిగింది:

"మంచిగనే ఉన్నది. ఇగ ఆయనతోని నేనేడ మాట్లాడాలె?"